త్రాడు ముట్టని వాటా

పోలేశ్వరి కన్నిటికంటె మిన్నయైన భయ మొక్కటియే. తన చిన్నత్త దాలమ్మ యేదో యొక యుదయమున సముద్రపుటొడ్డున వలత్రాటి నడుమ బడి మరణించునేమో యని.

అది మార్గశీర్షమాసపు వేకువ. తుషారధూసరమైన యాకాశమును సీసపువన్నె సముద్రమును నొండొంటి నంటుకొని యెల్ల యెఱుగరాక యుండగా, సైకతతలముపై దిగిన మంచు చల్లిన యుప్పువలె దెల్లనై మెఱయుచుండగా, తరంగఫేనములలో మునుగుచు దేలుచు వచ్చుచున్న పెద్దవల యొక్క రెండు త్రాళ్లను బట్టుకొని యాబాలవృద్ధమైన జాలరిజన మంతయు వెనుకకు వెనుకకు నడుగులు వైచుచు లాగుచుండిరి.

ఆ యూర నొక కట్టుబాటు గలదు. త్రాటిపై జేయి వైచినవారి కెల్ల చేపలలో వాటా గలదు. ఎవ డెంత లాగె నని తూచువారు లేరు. కావుననే డెబ్బదియెనిమిదేండ్ల ప్రాయమున నున్నదియు మగడును బిడ్డలును లేనిదియు నగు దాలమ్మ ప్రతిదినమును వచ్చి యెండిన కొబ్బరిపీచువంటి తన చేతుల నా త్రాటిపై నిడి బలమునకు మాఱుగా నోటిని వినియోగించుచుండెను.

"ఓరి మసేనూ! తాడు నువ్వు లాగతన్నావేట్రా, తాడే నిన్ను లాగతందేట్రా?"

వలపెద్దయైన మసేను సిగ్గుపడ నలువది కంఠములు నవ్వెడివి. పదునొకండు నెలల బిడ్డను జంక నిడుకొని దూరమున నిలుచుండు పోలేశ్వరి మాత్రము నవ్వెడిది కాదు. ఆమె మగడు పడమటి రేవులలో నెలలకొలది పడవపనిలో నుండెను. అత్త కాలము చేసి మూడేండ్లయ్యెను. ఆ యత్తకు జెల్లెలై ప్రక్కయింట నొంటిగా బ్రతుకు దాలమ్మను గనిపెట్టవలసిన దింక దానొక్కతెయే. ఒకనాడు మోకాటిలోతు నీరు చివ్వున దన్నుకొనిరాగా ముసలిది తూలి యొక చేయి యూని లేచెను. అంతియే జరిగినది. కాని నాటినుండి యా తూలుట పోలేశ్వరి కనులలో మరల మరల జరుగుచునే యుండెను. బిడ్డ పాలు గుడుచునప్పుడును జరుగుచుండెను.

ఒకనాటి సాయంకాలమామె మసేను గుమ్మమునకు బోయెను.

"మావా, రేపటికాడినించి సిన్నత్త వాటా ఇంటికే పంపించీ. అది ఒడ్డుకి రాదు."

"తాడు ముట్టనోలికి వాటా ఏటే కోడలా? మా తాతలనాటినించీ అలాటిది లేదు."

"పడిపోతే ఏటి సేస్తాను మావా? నా సంకన సంటి గుంటున్నాది. పరిగెత్తగల్నా?"

మసేను తల గోకికొనెను. "దయకి అడ్డుసెప్తే పాపమొస్తాదేమో" అని గొణిగి యొప్పుకొనెను. పిమ్మట నా మాట విన్న దాలమ్మ కోడలి మొగమువంక దీర్ఘముగా జూచి "సరేలే పిల్లా" అని మాత్ర మనెను. అంత సులువుగా నొప్పుకొన్నదే యని పోలేశ్వరి సంతసించెను. ఆ సులువే యనుమానింపవలసిన దని యామె కప్పుడు తోచలేదు.

నాలుగు దినములు గడచెను. ప్రతిప్రాతఃకాలమునను చిన్నబుట్టెడు చేపలు దాలమ్మ గుమ్మమున దింపబడుచుండెను. మధ్యాహ్నమునకు బుట్ట వట్టిదై బోరలించి యుండెడిది. ఆ వట్టిబుట్టను జూచుకొని పోలేశ్వరి నిశ్చింతగా బిడ్డకు నీళ్లు పోసెడిది. ఒడ్డున దాలమ్మ నోరు లేదు గావున వల లాగువారు నవ్వక లాగిరి. అయిదవనాడు బిడ్డ బట్టలారవేయుచుండగా నామెకొక సంగతి స్ఫురించెను. ప్రక్కయింటినుండి నాలుగు దినములుగా బులుసువాసన రాలేదు.

తడిబట్ట చేతను, బిడ్డ చంకను నుండగనే యామె పోయి తలుపు ద్రోసెను. పెరటివైపున దండెమునకు గ్రుచ్చబడి నాలుగు దినముల చేపలుప్పుపట్టి యెండుచుండెను. పొయ్యిలో బూడిద చల్లగా నుండెను. ముసలిది గోడవైపు దిరిగి చాపపై బరుండి యుండెను. ప్రక్కను సగము ద్రావిన గంజిచెంబు.

"సిన్నత్తా! సేపలు తినలేదేటి?"

"అయ్యి నాయి కావు పిల్లా."

"మరెవులివి?"

"తాడు పట్టినోలివి. నాను పట్నేదు గదా. ఊరు నాకు ముష్టెట్టింది. సేపని పారీకూడదని ఉప్పేసినాను. ముష్టోడెవుడైనా వస్తే పెట్టు."

"పడిపోతావన్న బయంతోనే గదా నాను..."

దాలమ్మ మెల్లగా నిటు దిరిగెను. ఆమె స్వరమున గోపము లేదు. కోపమున్న నెంతయో బాగుండెడిది.

"అక్కడ పడితే లేపడానికి నలబైమందున్నారు. ఇక్కడ పడితే ఎవులున్నారే?"

పోలేశ్వరికి గన్నీరు రాలేదు. బిడ్డ తన జడ పట్టి లాగుచుండినను నొప్పి తెలియలేదు. తన భయమును దీర్చుకొనుటకై తానీ వృద్ధను నలువదిమంది కనులయెదుటినుండి తీసికొనివచ్చి యెవ్వరును జూడని నాలుగు గోడలనడుమ బెట్టితి నని యామెకు దెలిసెను. తెలిసియు నా తెలివి మొద్దువాఱిన వ్రేలికి దగిలిన నిప్పువలె దూరమునుండి మాత్రమే కాలెను. గంజి కాచి పోసెను.

మఱునాటి వేకువ నొక చంక బిడ్డయు నొక భుజమున నానుకొన్న ముసలిదియుగా నామె యిసుకలో నడచెను. నాలుగు దినముల యాకలి దాలమ్మ మోకాళ్లను హరించి యుండెను. త్రాటికడకు జేరి చేయి వేయగనే యామె కూలబడెను. ఎవ్వరును గేకవేయలేదు. ఇరుప్రక్కల నున్న యిద్దరు లాగుట మానకయే యొక్కొక్క చేత నామెను బట్టి పొడియిసుకపై గూర్చుండబెట్టిరి. త్రాడామె యొడిమీదుగా సాగుచుండెను. ఆమె యఱచేయి దానిపైననే యుండెను. మసేను తలయెత్తక "ముసిల్దా, నిద్దరోతన్నావా లాగతన్నావా?" అనెను. దాలమ్మ త్రాటిపై వ్రేళ్లు బిగించెను. ఒడ్డున మరల నవ్వు వచ్చుటకు నింక గొన్నినాళ్లు పట్టును.

ఆ పూట వాటా నామె స్వయముగా గొంగున బోసికొనెను. పోలేశ్వరి భయము పోలేదు. అది యట్లే యున్నది. కాని యామె దాని నింక నెవ్వరి తలుపునకును గొళ్లెముగా బెట్టలేదు.

చదువరులారా, "నీ వేమియు జేయవద్దు, ఊరక గూర్చుండు" మని మీరు ప్రేమతో గూర్చుండబెట్టిన ముదుసలి యొకరు మీకును నుందురు. మీరు పంపిన గిన్నె వట్టిదై తిరిగివచ్చిన దని నమ్మి యూరకుండకుడు. నేడే పోయి తలుపు తట్టుడు. తింటివా యని యడుగుడు. జవాబు వచ్చువఱకు గుమ్మమును విడువకుడు.