పక్క సీటు మాట

గేర్‌బాక్సు లోపల ఏ పన్ను అరిగిందో బండి కింద పడుకుని చెవితోనే చెప్పేవాడు కాబట్టి ఆయన్ని అందరూ చెవుల మేస్త్రి అనేవారు. బాగానే ఉంది. మరి ఆ చెవులకి పని కల్పించే కాలు ఎవరిది? ఆయన భార్యది. ఇరవై ఏళ్ళుగా షెడ్డులో ఆమె డ్రైవరు సీట్లో కూర్చోవడం, ఆయన కింద దూరడం. కింద నుంచి "తొక్కు" అంటే యాక్సిలరేటరు తొక్కాలి, "తియ్యి" అంటే కాలు తీసెయ్యాలి. ఎందుకో ఏమిటో తర్వాత అడగొచ్చు, ముందు కాలు లేవాలి. తిరిగే ఇనుము పక్కన ఆయన వేళ్ళుంటాయి మరి. ఒక్కసారి కూడా ఆమె ఆలస్యం చెయ్యలేదు. ఆయన పది వేళ్ళూ ఈనాటికీ పదిలంగా ఉన్నాయంటే అది ఆమె చలవే. షెడ్డులో పనివాళ్ళు "మా మేస్త్రికి చెవులే ఉన్నాయి, కాళ్ళు మా వదినవి" అని వేళాకోళం చేసేవారు.

ఇప్పుడా వేళాకోళం ఎవరూ చెయ్యరు. రెండేళ్ళ కిందట మేస్త్రి ఎడమ కాలు నుజ్జయింది. డాక్టర్లు అతికించి నిలబెట్టారు కానీ మోకాలు వంగదు, పాదంలో బలం లేదు. కర్ర పట్టుకుని నడుస్తాడు. షెడ్డుకి తాళం పడింది.

ఆ రోజు ఆడపడుచు కారు తీసుకుని ఇద్దరూ బజారుకి బయల్దేరారు. క్లచ్ పెడల్ లేని బండి అది. లోపల గేర్లు మామూలువే, మనిషి ఎడమ కాలు చేసే పని ఒక చిన్న మోటారు చేస్తుంది, అంతే తేడా. ఆమె నడుపుతోంది, ఆయన పక్కన కూర్చున్నాడు. సందులోంచి పెద్ద రోడ్డు దాటి కుడికి తిరగాలి. కుడి వైపు చూడటం ఆమె వంతు, ఎడమ వైపు చూడటం ఆయన వంతు. వాళ్ళ అలవాటది. ఆమె తొక్కింది. బండి రోడ్డు మధ్యలో చతికిలబడింది. ఎడమ నుంచి వచ్చిన లారీ సరిగ్గా ఆయన తలుపుని గుద్దింది. ఆమె తల అద్దానికి కొట్టుకుంది. ఆ దెబ్బకి ఆ నాలుగు క్షణాలూ బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయాయి. తొక్కడం గుర్తుంది, బండి ఆగిపోవడం గుర్తుంది. మధ్యలో ఏం జరిగిందంటే ఏమీ లేదు, ఖాళీ.

ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి మేస్త్రి చెప్పిన మొదటి మాట గేర్‌బాక్సు గురించే. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు ఒక్కసారిగా తొక్కితే ఆ పెట్టె ఏ గేరులో పడాలో తేల్చుకోలేక తటపటాయిస్తుందనీ, ఆ తటపటాయింపులోనే లారీ వచ్చిందనీ చెప్పాడు. గేర్ల సంగతి మేస్త్రి చెప్పాక ఇంకెవరు కాదంటారు? పోలీసులు రాసుకున్నారు, చుట్టాలు తలలూపారు. ఒక్క ఆడపడుచు మాత్రం ఒప్పుకోలేదు. తన బండికి ఏనాడూ ఏ రోగమూ లేదనీ, వదిన చేతకానితనం బండి మీదకి నెట్టొద్దనీ నలుగురూ చేరిన ప్రతిచోటా అనేది. ఒకసారి వదిన వడ్డిస్తుండగానే, "మా అన్నయ్య కాలు వదిన పొట్టన పెట్టుకుంది" అనేసింది. మేస్త్రి తల దించుకుని కంచంలో మెతుకులు కెలికాడు తప్ప నోరు తెరవలేదు. ఆమె గరిటె గిన్నెలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ఆమె స్టీరింగు ముట్టుకోలేదు. ఆటోలో వెళ్తున్నా నాలుగు రోడ్ల దగ్గర ఆమె కుడి కాలు దానంతటదే వణుకుతూ నేలని నొక్కేది. కూరగాయలు తరుగుతున్నా అదే ఆలోచన. నేను సరిగ్గానే తొక్కానా? భయపడి సగంలో ఆగానా? భర్త గేర్‌బాక్సు అన్నాడు కాబట్టి ఇన్నాళ్ళూ ఆ మాట పట్టుకుని వేలాడుతోంది. ఆ మాటే లేకపోతే ఆమె బతుకు ఏమయ్యేదో.

ఇలా ఉండగా ఊరికి ఆ చివరున్న మెకానిక్కుల శిక్షణ బడిలో మేస్త్రికి పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. ఒకటో తారీఖున చేరాలి. కర్ర పట్టుకున్న మనిషి ఎక్కగలిగే బస్సు ఆ దారిలో లేదు. కారు కొనక తప్పదు. కుడి కాలు బాగుంది కాబట్టి క్లచ్ లేని బండి నిక్షేపంగా నడపొచ్చని డాక్టరు కాగితం కూడా రాసిచ్చాడు. ఆమెకి ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆయన మళ్ళీ స్టీరింగు పట్టుకుంటాడు, అంతకంటే ఏం కావాలి?

మేస్త్రి మాత్రం ససేమిరా అన్నాడు. క్లచ్ ఉన్న బండే కొందామన్నాడు. కాలు చెప్పినట్టు వినే బండిని నమ్మొచ్చు కానీ సొంత ఆలోచన చేసే బండిని నమ్మకూడదట. మరి ఎవరు నడుపుతారని అడిగితే, చాలా మామూలుగా, నువ్వు నడుపు అన్నాడు. ఆమెకి ఒళ్ళు మండింది. స్నానాల గది దాకా చెయ్యి పట్టుకోనివ్వని మనిషి జన్మంతా పక్క సీట్లో మూటలా కూర్చుంటాడట! అదీ ఆమె నడిపితే! ఇందులో ఏదో మెలిక ఉందనిపించింది కానీ అదేమిటో అంతు చిక్కలేదు.

చివరికి రెండు రకాలూ నడిపి చూసి తేల్చుకుందామని ఆమే పట్టుబట్టి షోరూముకి తీసుకెళ్ళింది. ఆమె అసలు ఉద్దేశం వేరు. ఆడపడుచు కారు లాంటిదే, అదే గేర్‌బాక్సు ఉన్నది, అక్కడ ఉంది. దాన్ని తన కాలితో తొక్కి చూడాలి. అది నిజంగా తటపటాయిస్తే తను నిర్దోషి. తటపటాయించకపోతే ఆ కాలు పోవడం తన వల్లే. ఏదో ఒకటి ఈ రోజు తెలిసిపోవాలి.

షోరూము అమ్మాయి చాలా మంచిది, నవ్వు మొహం, వెనక సీట్లో కూర్చుంది. మొదట క్లచ్ బండి తీశారు. గేటు దాటకముందే ఆమె చేతిలో ఇంజిను రెండుసార్లు ఆగిపోయింది. మేస్త్రి మాత్రం క్లచ్ ఎక్కడ పట్టుకుంటోందో, గేరు ఎంత మెత్తగా పడుతోందో చెవి రిక్కించి విని, ఇదే ఖాయం చేద్దామన్నాడు. ఆమె వినిపించుకోకుండా రెండో బండి తాళం అడిగింది.

ఊరి బయట ఖాళీ రోడ్డు మీద ఆమె ఆ రెండో బండిని నడక వేగానికి తెచ్చింది. అచ్చం ఆ రోజులాగే. ఊపిరి బిగబట్టి తొక్కింది. బండి చిన్నగా తల ఊపినట్టు ఊగింది, వెంటనే ముందుకి దూకింది. ఇంకోసారి నెమ్మది చేసి తొక్కింది. దూకింది. మూడోసారీ అంతే. ఒక రెప్పపాటు ఆలస్యం ఉన్నమాట నిజమే. కానీ ఆ రెప్పపాటులో లారీలు రావు. పక్కన ఉన్న మనిషికి ఆ సంగతి తెలియదా? ఆయన చెవికి మొదటిసారే తెలిసిపోయి ఉంటుంది. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

అయితే ఆడపడుచు చెప్పిందే నిజం. నేనే భయపడ్డాను, నేనే ఆపేశాను. నన్ను కాపాడటానికి ఈయన, గేర్ల గురించి చిన్న అబద్ధం కూడా ఆడని ఈయన, ఊరందరికీ అబద్ధం చెప్పాడు. అందుకే ఈ బండి వద్దన్నాడు. కొంటే రోజూ నడపాలి, నడిపితే నాకు తెలిసిపోతుంది కదా. అలా అనుకునేసరికి ఆయన మీద జాలి, తన మీద అసహ్యం, రెండూ కలిసి కళ్ళల్లో నీళ్ళు తెప్పించాయి. కళ్ళు తుడుచుకుని బండి వెనక్కి తిప్పింది. ఇంక ఏ బండైనా ఒకటే అనుకుంది.

షోరూముకి వెళ్ళాలంటే పెద్ద రోడ్డు దాటి కుడికి తిరగాలి. ఆమె ఆగింది. కుడి వైపు ఖాళీ. ఎడమ వైపు ఆయన చూస్తున్నాడు, అయినా ఈసారి తనూ చూసింది. దూరంగా సామాన్ల వ్యాను ఒకటి వస్తోంది. చాలా దూరం. ఆమె తొక్కింది. బండి చక్కగా కదిలి రోడ్డు మధ్యకి వచ్చింది.

"తియ్యి!"

కాలు లేచిపోయింది. ఆమె తియ్యలేదు, అదే లేచింది. బండి రోడ్డు మధ్యలో చతికిలబడింది. వ్యాను వాడు హారను మోగిస్తూ చివరి క్షణంలో పక్కకి తిప్పుకుని, ఏదో తిట్టి వెళ్ళిపోయాడు. వెనక సీట్లో అమ్మాయి అమ్మో అని రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆమె మళ్ళీ తొక్కి బండిని అవతలి పక్కన ఆపింది. ఆపి, తన కుడి కాలి వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ నాలుగు క్షణాలూ ఆమె బుర్రకి గుర్తు లేవు కానీ, కాలికి గుర్తున్నాయి.

షోరూము అమ్మాయిని అయిదు నిమిషాలు కిందకి దిగమని మర్యాదగా అడిగింది. అడగడమే చాలన్నట్టు అమ్మాయి దిగిపోయింది.

"ఆ రోజు కూడా తియ్యి అన్నారా?"

మేస్త్రి కర్ర పిడి నలుపుతూ కూర్చున్నాడు.

"అన్నాను" అన్నాడు ఆఖరికి. "లారీని చూసి నోరు జారింది. నువ్వు అలాగే తొక్కి ఉంటే దాటేసేవాళ్ళం. బండి లాగుతున్న చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. అయినా అనేశాను."

"మరి గేర్‌బాక్సు అన్నారే?"

"నేను కళ్ళు తెరిచేసరికి నీకేమీ గుర్తు లేదన్నారు. అప్పటికి గేర్‌బాక్సు అనేస్తే చాలనిపించింది. తర్వాత చెబుదామనుకున్నా. రోజులు గడిచేకొద్దీ నోరు రాలేదు."

చెల్లెలు అన్న మాటలప్పుడు కూడా రాలేదా అని ఆమె అడిగింది. ఆయన తల దించుకున్నాడు. నన్ను కాపాడారనుకుని ఇందాక ఏడ్చాను తెలుసా, అంది. పొరపాటున నోరు జారినందుకైతే ఆమె క్షమించేదే. ఇరవై ఏళ్ళ అలవాటు, ఎవరికైనా నోటికి వచ్చేస్తుంది. కానీ రెండేళ్ళు! రెండేళ్ళ పాటు తన కాలిని తనే నమ్మకుండా చేసి, చూస్తూ కూర్చున్నాడు. తను ఎక్కడ ఏ రోడ్డు దాటుతున్నా పాదం వణికితే ఈయనకి కనపడలేదా? కనపడింది. కనపడీ మెతుకులు కెలికాడు.

"నా మీద కోపమా?" అన్నాడు.

"కోపమే. ఇప్పుడే మొదలైంది. ఎప్పటికి తగ్గుతుందో నాకు తెలీదు."

ఆమె దిగి అటు వైపు వచ్చి ఆయన తలుపు తీసింది. సంచీలోంచి డాక్టరు కాగితం తీసి షోరూము అమ్మాయికి చూపించి, ఈ బండే తీసుకుంటామనీ, ఇక్కణ్ణుంచి ఆయనే నడుపుతాడనీ చెప్పింది. అమ్మాయి కాగితం చదివి, కర్ర వైపు చూసి, లైసెన్సు అడిగి చూసి, సరేనంది. వద్దని మేస్త్రి నసిగాడు. రెండేళ్ళయిందన్నాడు, అలవాటు తప్పిందన్నాడు. ఆమె తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. ఇక దిగక తప్పలేదు ఆయనకి. బండి చుట్టూ తిరిగి వెళ్ళి, పని చెయ్యని కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ఆమె ఎడమ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది, అమ్మాయి వెనక సీట్లోకి ఎక్కింది.

బండి బాగానే కదిలింది. చెప్పినట్టే విన్నది. మేస్త్రి మొహంలో ఒక్క నిమిషం పాటు పాత మేస్త్రి కనపడ్డాడు కూడా. ఆ మొహం కోసం ఆమె రెండేళ్ళుగా కలలు కంది. ఇప్పుడు చూస్తుంటే సంతోషం రావడం లేదు, ఏడుపు వస్తోంది.

షోరూముకి ముందు ఇంకో కూడలి వచ్చింది. మళ్ళీ కుడికి తిరగాలి. మేస్త్రి ఆపి, కుడి వైపు చూసుకుని, అలవాటు ప్రకారం ఆమె జవాబు కోసం ఆగాడు. ఎడమ వైపు రోడ్డు ఖాళీగా ఉంది. ఒక్క బండి లేదు. ఆమెకి కనపడుతూనే ఉంది. వెళ్ళండి అంటే ఒక్క ముక్క, ఎంతలో పని. ఆ ముక్క నోటి దాకా వచ్చింది కానీ ఆమె పెదవి విప్పలేదు.

"వెళ్ళనా?" అన్నాడు.

"నన్నడక్కండి. మీరే చూసుకుని మీరే తొక్కండి."

మేస్త్రి మెడ చాచి ఎడమ వైపు చూశాడు. కుడి వైపు చూశాడు. మళ్ళీ ఎడమ వైపు చూశాడు. వెనక బండ్లు హారన్లు మొదలుపెట్టాయి. షోరూము అమ్మాయి, ఖాళీయే సార్, వెళ్ళొచ్చు అని మెల్లగా చెప్పింది. ఆయన కుడి పాదం పెడల్ మీద వణుకుతోంది. అది ఎలాంటి వణుకో ఆమెకి బాగా తెలుసు. రోడ్డు ఖాళీగానే ఉంది. ఆయన తొక్కలేదు.