సంగంతిప్పలో ఇరవై శాతం

జగన్నాథానికి శాతాలంటే ప్రాణం. పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పాల్సి వచ్చినా "ఓ పది శాతం తగ్గినట్టుంది" అనేవాడు. తాత బడిపంతులు, తండ్రి తాలూకాఫీసులో గుమాస్తా. ఈయన స్టాటిస్టిక్స్‌లో డాక్టరేట్ చేసి, బందరు కాలేజీలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం మానేసి ఎయిడ్స్ మీద సర్వేలు చేసే సంస్థ ఒకటి పెట్టుకున్నాడు. రెండువేల సంవత్సరం దాటాక జిల్లాలో ఆ పనికి మంచి గిరాకీ ఉండేది. జబ్బు పెరిగేకొద్దీ సదస్సులు పెరిగాయి. సదస్సులు పెరిగేకొద్దీ మధ్యాహ్నం భోజనంలో స్వీట్లు పెరిగాయి.

సర్వే పద్ధతి ఇదీ. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు రక్తహీనత పరీక్షకని శిబిరానికి వస్తారు. వాళ్ళిచ్చిన రక్తంలో కొంచెం పక్కకి తీసి, పేరు చెరిపేసి, ఊరి పేరు మాత్రం ఉంచి, హెచ్.ఐ.వి. పరీక్ష చేస్తారు. ఎవరికుందో చేసేవాళ్ళకీ తెలియదు, ఉన్నవాళ్ళకీ తెలియదు. తెలిసేది లెక్క ఒక్కటే. ఇందులో తప్పేమీ లేదు, ప్రపంచమంతా అలాగే చేస్తారు. కాకపోతే ఆ లెక్కని మండలం మొత్తానికి కలిపి చెప్పాలి. అలా కలిపి చెబితే జగన్నాథం గ్రాఫులో స్తంభాలన్నీ పక్క జిల్లాల వాళ్ళవిలాగే పొట్టిగా వచ్చాయి. పొట్టి స్తంభాలు చూసి ఎవరు ముక్కున వేలేసుకుంటారు? అందుకని ఊరూరికీ విడగొట్టి చూశాడు. పాలకాయతిప్ప దాటాక సముద్రం ఒడ్డున సంగంతిప్ప అని చిన్న పల్లె ఉంది. అక్కడినుంచి వచ్చిన వాళ్ళు ఐదుగురు. అందులో ఒకరికి ఉంది. కంప్యూటర్లో ఎర్రస్తంభం ఒక్కటి మిగతా వాటిని తన్నుకుంటూ పైకి లేచింది. దాని నెత్తిన 20.00 శాతం అని రాశాడు. ఐదుగురు మనుషులకి దశాంశ బిందువు తర్వాత రెండు సున్నాలు దేనికో ఆయనకే తెలియాలి.

ఆయన భార్య సత్యవేణి పెద్దాసుపత్రిలో కౌన్సిలరు. హెచ్.ఐ.వి. పరీక్షకి వచ్చేవాళ్ళతో మాట్లాడి, ధైర్యం చెప్పి, రిపోర్టు చేతికివ్వటం ఆవిడ పని. ఆ స్తంభం చూసి ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏమండీ, ఐదుగురికి శాతమేమిటండీ? ఆ ఊరి పేరు తీసెయ్యండి."

"పేరు తీస్తే ఆ స్తంభం ఎవరిదని చెప్పను?"

"స్తంభం కూడా తీసెయ్యండి."

"అప్పుడిక సదస్సెందుకు సత్యా?" అన్నాడు జగన్నాథం, నిజంగానే అర్థం కాక.

"ఆ ఐదుగురిలో ఒకావిడకి ఉందండీ. ఆవిడకి తెలీదు. నా దగ్గరికొచ్చి పరీక్ష చేయించుకుంటే కాన్పు టైములో ఒక మాత్ర, పుట్టిన బిడ్డకి చుక్కల మందు. బిడ్డ బతికి బట్టకడుతుంది. మీరు పల్లె పేరు బయట పెడితే వాళ్ళింక ఆసుపత్రి గడప తొక్కరు."

"అవగాహన పెరుగుతుంది," అన్నాడు ఆయన. ఏ సంభాషణనైనా ముగించటానికి ఆయన దగ్గర ఆ మాట ఉండేది.

సదస్సు బందరులోనే, ఏప్రిల్లో జరిగింది. రిటైరైన పెద్ద ఆఫీసరు సాంబశివరావు అధ్యక్షుడు. ఎర్రస్తంభం తెరమీద పడగానే హాలు హాలంతా "అయ్యయ్యో" అంది. జగన్నాథానికి ఒళ్ళు పులకరించింది. పరీక్ష చేసింది ఎంతమందికని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడే, అబద్ధాలాడే మనిషి కాదు. మర్నాడు పేపర్లో మొదటి పేజీలో వచ్చింది: సంగంతిప్పలో ప్రతి ఐదుగురిలో ఒకరికి ఎయిడ్స్.

బందరులో, గుడివాడలో ఆ వార్త చదివినవాళ్ళు ఊళ్ళో అయిదో వంతు పోయినట్టేనని తలలు పట్టుకున్నారు. గుడివాడ మార్కెట్లో సంగంతిప్ప చేపలంటే బేరమాడకుండానే మొహం తిప్పేసుకున్నారు. సంగంతిప్పలో మాత్రం వార్తని ఉన్నదున్నట్టు అర్థం చేసుకున్నారు. కోడూరు శిబిరానికి వెళ్ళి రక్తమిచ్చి వచ్చిన ఆడవాళ్ళు ఐదుగురు. ఒకే ఆటోలో వెళ్ళారు, ఒకే ఆటోలో వచ్చారు, ఆ ఐదుగురూ ఎవరో ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఐదుగురిలో ఒకరు అంటే ఇంకేముంది? పేరు చెరిపేశాననుకున్న జగన్నాథం ఊరంతటికీ పొడుపుకథ వేసి వచ్చాడు.

విప్పటానికి కులపెద్ద పోతయ్య ఉన్నాడు. చేపల వేట మీద ఏటా ఉండే నిషేధం మొదలై పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మగవాళ్ళంతా ఖాళీ. ఐదుగురినీ అమ్మవారి గుడి ముందు నిలబెట్టారు. కర్పూరం వెలిగించి, అరచేత్తో ఆర్పి, నేనే పాపమూ ఎరగనని ప్రమాణం చెయ్యాలి. నలుగురు ఆర్పారు. ఐదో మనిషి రాజకుమారి, ఎనిమిదో నెల. ఆ పొగకి కళ్ళు తిరిగి చెయ్యి వెనక్కి తీసుకుంది. పైగా మొగుడు వాసు గుజరాత్ బోట్ల మీద పనికెళ్ళి నెలలైంది. ఇంకా సాక్ష్యం కావాలా? ఆ సాయంత్రం నుంచీ ఆ పిల్లని బోరింగు దగ్గరికి రానివ్వలేదు.

ఇదంతా జగన్నాథానికి చెప్పింది రాజకుమారి అత్త నాంచారమ్మ. చేపలమ్ముకునే మనిషి, కోడల్ని వెంటబెట్టుకుని నేరుగా ఇంటికే వచ్చేసింది. జగన్నాథం శ్రద్ధగా విన్నాడు. ఆయనకి బాధ కలగలేదని కాదు. కానీ అంతకన్నా ముందు ఆ పద్ధతిలో లోపం కనిపించింది.

"అది శాస్త్రీయం కాదమ్మా," అన్నాడు.

"ఏదండీ?"

"ఆ కర్పూరం."

"మరి మీదో బాబుగారూ?"

"మాది శాస్త్రీయం. పేర్లు తీసేస్తాం. ఆ ఒక్కరూ ఎవరో మాక్కూడా తెలీదు. అదే మా పద్ధతిలో గొప్పతనం."

నాంచారమ్మ గొంతులో ఎగతాళేమీ లేదు, తెలుసుకుందామనే అడిగింది: "తెలీకుండా ఉండటానికి ఇంత చదువు చదవాలాండీ?"

లోపల్నుంచి సత్యవేణి గబగబా బయటికొచ్చింది. రాజకుమారితో విడిగా మాట్లాడి, ఒప్పుకున్నాక ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేయించింది. సాయంత్రానికి రిపోర్టు తీసుకుని జగన్నాథం ఇంటికి తిరిగొచ్చారు. రాజకుమారే అత్తకి చెప్పుకుంది, తనకేమీ లేదని. నాంచారమ్మ అక్కడే మెట్లమీద కూలబడి ఏడ్చేసింది. ఏడుపు అయ్యాక కొంగు బిగించింది.

"ఆ కాయితం ఇటియ్యి. పోతయ్య మొహాన కొడతాను."

"వద్దత్తా," అంది రాజకుమారి. "నాకు లేదంటే మళ్ళా కర్పూరం తెస్తారు. ఆ నలుగుర్నీ నిలబెడతారు. భాగ్యమ్మకి ఇయ్యాలో రేపో నొప్పులు."

"అయితే నీ మీద మోసుకుంటావా?"

"మీరుండగా నాకేంటి?" అంది ఆ పిల్ల. నాంచారమ్మ బిగించిన కొంగు వదిలేసింది.

ఆ నలుగుర్నీ ఎలాగైనా తన దగ్గరికి పంపమని సత్యవేణి బతిమాలింది. నాంచారమ్మ తల అడ్డంగా ఊపింది. "కర్పూరం ఆర్పి గెలిచినోళ్ళండీ అమ్మగారూ. ఇప్పుడు ఆసుపత్రికొస్తే అనుమానముందని ఒప్పుకున్నట్టే గదా? ఎవరొస్తారు?" తర్వాత జగన్నాథం వైపు తిరిగింది. "మీరు రావాలి బాబుగారూ. మా మగాళ్ళంతా ఇప్పుడు ఒడ్డునే ఉన్నారు. ఐదుగురి లెక్కకి అర్థం లేదని, కర్పూరం దీన్ని తేల్చలేదని, అందరూ పరీక్ష చేయించుకోవాలని మీ నోటితో చెప్పండి. పేపర్లో పేరు పడ్డ మనిషి, మీ మాట వింటారు."

"తప్పకుండా వస్తానమ్మా," అన్నాడు జగన్నాథం. ఆ క్షణాన వెళ్ళాలనే అనుకున్నాడు కూడా. జీపు మాట్లాడమని ఆఫీసుకి ఫోన్ చేశాడు.

ఇంతలో హైదరాబాదు నుంచి కబురొచ్చింది. ఎర్రస్తంభాన్ని అక్కడి సదస్సులో చూపించాలట, ఢిల్లీవాళ్ళు కూడా వస్తున్నారట. జగన్నాథం చిక్కులో పడ్డాడు. సంగంతిప్పలో నిలబడి ఐదుగురి లెక్కకి అర్థం లేదని చెబితే, హైదరాబాదులో నిలబడి ఉందని ఎలా చెప్పటం? ముందు హైదరాబాదు వెళ్ళొచ్చి ఆ తర్వాత తిప్పకి వెళ్దామనుకున్నాడు. హైదరాబాదు తర్వాత రిపోర్టు రాయాల్సొచ్చింది. రిపోర్టు తర్వాత జ్వరమొచ్చింది. సత్యవేణి రోజూ గుర్తు చేసేది, ఆయన రోజూ "రేపు" అనేవాడు. చివరికి ఆవిడే సెలవు పెట్టి బస్సెక్కి వెళ్ళింది. అప్పటికి నిషేధం అయిపోయి పడవలు సముద్రం మీదున్నాయి. ఆసుపత్రి మనిషి వచ్చిందనగానే ఆ నలుగురి ఇళ్ళూ తలుపులేసుకున్నాయి. మంచినీళ్ళిచ్చిన వాళ్ళు కూడా లేరు.

ఆ నలుగురూ ఇళ్ళల్లోనే కన్నారు. రాజకుమారి బందరు ఆసుపత్రిలో ఆడపిల్లని కని, అత్తతో ఆ పక్కనే చిలకలపూడిలో ఒక గది తీసుకుని ఉండిపోయింది.

మళ్ళీ ఏప్రిలొచ్చింది, కొత్త సర్వే లెక్కలొచ్చాయి. సంగంతిప్ప నుంచి ఈసారి శిబిరానికి ఒక్క ఆడమనిషీ రాలేదు. సున్నాని సున్నాతో భాగించమంటే కంప్యూటరు తన వల్ల కాదంది. కాదని జగన్నాథానికీ తెలుసు. డిగ్రీ పిల్లలకి కాలేజీలో బల్లగుద్ది చెప్పినవాడే. అయినా ఆ గడి ఖాళీగా ఉంటే బాగోదని 0.00 అని కొట్టాడు. కొట్టి చూసుకుంటే, ఇరవై పక్కన సున్నా ఎంత ముచ్చటగా ఉందో! సాంబశివరావు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఒక్క ఏడాదిలో ఒక పల్లెని గట్టెక్కించినందుకు ఢిల్లీ సంస్థ ఏదో జ్ఞాపిక ఇస్తుందట. ఎలా సాధించారని అడిగితే ఏం చెప్పాలో ఆయన ముందే అనుకుని పెట్టుకున్నాడు: అవగాహన.

సదస్సు రోజు పొద్దున్న అద్దం ముందు టై కట్టుకుంటున్నాడు. సత్యవేణి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ముందు రోజు ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ అన్నం ముట్టలేదు.

"సంగంతిప్ప నుంచి నిన్న ఒక తల్లి వచ్చిందండీ. చంకలో పదినెలల పిల్లాడు. ఎముకల గూడు. ఇద్దరికీ ఉంది."

జగన్నాథం చేతులు టై మీద ఆగిపోయాయి. "ఎవరు?"

"పేర్లు మీకెందుకు? పేర్లు తీసేయటమే కదా మీ గొప్పతనం." ఆవిడ తలుపు వదిలి లోపలికొచ్చింది. "పోయినేడు కర్పూరం ఆర్పి గెలిచిందట. గెలిచాను కదా, నాకెలా వచ్చిందమ్మా అని నన్నడుగుతోంది. ఏం చెప్పమంటారు? ఒక్క మాత్రండీ. మీరొక్క పూట వెళ్ళి రెండు ముక్కలు చెప్పుంటే ఆ మాత్ర ఆ తల్లికి అందేది."

జగన్నాథం మంచం మీద కూర్చున్నాడు. నుదుట చెమట పట్టింది. ఆయన మొహంలో రంగు పోవటం చూసి సత్యవేణికి, పెళ్ళయిన ఇన్నేళ్ళకి, ఈ మనిషి ఇప్పటికైనా కదిలాడనిపించింది. పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వెయ్యబోయింది.

"ఆవిడ ఇప్పుడు కడుపుతో లేదు కదా?" అన్నాడు ఆయన.

"లేదు."

"పిల్లాడెలాగూ గర్భిణుల సర్వేలోకి రాడు."

సత్యవేణి చెయ్యి వెనక్కి తీసుకుంది. జగన్నాథం లేచి, టై బిగించుకుని, సున్నాకి ఢోకా లేదన్న ధైర్యంతో సదస్సుకి బయల్దేరాడు.