కందిరీగలకు అడ్డం పెట్టిన బరకం

నేను ఒక బరకాన్ని. మొదట్లో లారీ మీద ధాన్యం బస్తాలకు కప్పేవారు. గోదావరి జిల్లాల వానలు చాలావరకు నా వీపు మీదే పడ్డాయి. నాలుగు చోట్ల చిరిగాక తణుకులో మస్తాన్ అనే దర్జీ నన్ను కొని, చిరుగులు తీసేసి, మిగిలిన ఒంటిని కారు కవరుగా కుట్టాడు. కొలతలు తీసుకోలేదు. ఏ కారైనా కారే కదా అని కళ్లతోనే కొలిచాడు. అందుకే ఎడమవైపు నేలను ఊడుస్తాను, కుడివైపు జానెడు పైకి ఉంటాను.

నన్ను కొనుక్కున్నవాడు సుగుణాకర్, మార్కెట్ యార్డులో గుమస్తా. అతనికో పాత కారుంది. ఆదివారం తుడుస్తాడు, పండక్కి తోలతాడు, మిగతా రోజులు వాకిట్లో నిలబెట్టి చూసుకుని మురిసిపోతాడు. అలా నిలబెట్టిన కారంటే కందిరీగలకు మహా ఇష్టం. తాళం కన్నంలో మట్టి, అద్దం వెనక మట్టి, నీళ్లు చిమ్మే గొట్టంలో మట్టి. ఒకసారి తలుపు తీయబోతే ఒకటి అతని చెవి మీద కుట్టింది. చెవి గారె అంత అయింది. యార్డులో వారం రోజులు ఆ చెవి గురించే మాట్లాడుకున్నారు. ఆ కోపంతోనే నన్ను తెచ్చాడు.

నేను వచ్చాక కూడా ప్రయత్నాలు ఆగలేదు. చక్రాల పక్కన వేపాకు పొగ వేశారు. పాత సాక్సులో కలరా ఉండలు పోసి అద్దానికి వేలాడదీశారు. కిరసనాయిలు గుడ్డతో నన్ను లోపలంతా తుడిచారు. నాకు రెండు రోజులు తల తిరిగింది, కందిరీగకు తిరగలేదు. కుడివైపు జానెడు సందులోంచి అది దర్జాగా వచ్చేది, పోయేది.

సుగుణాకర్ భార్య నీలవేణి బళ్లో టీచరు. పెళ్లై పదకొండేళ్లు, పిల్లల్లేరు. ఆస్పత్రుల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయాక, ఇద్దరూ ఒక బిడ్డను పెంచుకుంటామని దరఖాస్తు పెట్టారు. సుగుణాకర్ తల్లి కోటమ్మకు ఇది గిట్టలేదు. అధికారి ఇంటికొచ్చి అభిప్రాయం అడిగితే, వాళ్లిష్టం అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. రెండేళ్ల తర్వాత ఏప్రిల్ నెలలో కబురొచ్చింది. ఏలూరు శిశుగృహంలో పద్నాలుగు నెలల పాప ఉంది. శుక్రవారంలోగా ఇద్దరూ వచ్చి సంతకాలు పెడితే అదే రోజు తీసుకెళ్లొచ్చు. రాకపోతే పాప వరసలో తర్వాతివాళ్లకు వెళ్తుంది.

సరిగ్గా ఆ వారమే కందిరీగ గూడు కట్టింది. కుడి తలుపు పిడికీ నా లోపలి గుడ్డకీ కలిపి మట్టి అద్ది అద్ది, గుప్పెడంత గూడు లేపింది. శుక్రవారం పొద్దున సుగుణాకర్ నా అంచు ఎత్తేసరికి కోటమ్మ కంటపడింది. ఇంట్లో కందిరీగ గూడు కడితే ఆ ఇంటి కోడలు నీళ్లోసుకుంటుందని ఆవిడ నమ్మకం. ఆ వీధి మొత్తానిదీ అదే నమ్మకం. గూడు ముట్టుకోవద్దంది. సొంత బిడ్డే రాబోతుంటే ఎవరో కన్న బిడ్డ ఎందుకంది. నన్ను లాగితే గూడు పగులుతుంది, లాగకపోతే కారు కదలదు. బస్సులో వెళ్లొచ్చు, కానీ గొడవ కారు గురించి కాదని ముగ్గురికీ తెలుసు. తల్లి వద్దన్నాక సుగుణాకర్ గడప దాటే మనిషి కాదు. ఒక నెల ఆగి చూద్దామా అన్నాడు, భార్య మొహం చూడకుండా.

నీలవేణి కళ్లనీళ్లు తుడుచుకోలేదు. గొంతూ పెంచలేదు.

"అత్తయ్యగారండీ, కందిరీగ ఎక్కడి పురుగునో తెచ్చి గూట్లో పెట్టుకుని, దాని చుట్టూ పాడి పాడి తన పిల్లగా చేసుకుంటుందని మీరే కదండీ చెప్పారు. మరి ఆ గూడు మనింట్లో ఎందుకు కట్టిందో కూడా మీరే చెప్పండి."

ఇక్కడ నేనొక నిజం చెప్పాలి. ఆ గూడు కట్టింది నా ఒంటి మీదే కాబట్టి అంతా దగ్గరుండి చూశాను. కందిరీగ తెచ్చిన ఆకుపురుగు ఏ పాటకూ కందిరీగ కాదు. గుడ్డులోంచి వచ్చే పిల్లకు అది తిండి, అంతే. మనుషులు తరతరాలుగా గూటి బయట నిలబడి, లోపల పెంపకం సాగుతోందనుకున్నారు. నాకు నోరుంటే ఆ పొద్దున ఆపుకోలేక చెప్పేసేదాన్ని. నోరు లేనందుకు నా జన్మలో ఆ ఒక్కసారే సంతోషించాను.

కోటమ్మ చాలాసేపు గూటివైపే చూసింది. తర్వాత లోపలికి వెళ్లిపోయింది. అయిపోయిందనుకున్నాను. సుగుణాకర్ కూడా నా అంచు వదిలేశాడు. ఆవిడ కత్తెరతో తిరిగొచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని, మట్టి రేణువు కూడా రాలకుండా, గూడు చుట్టూ నా గుడ్డను గుండ్రంగా కత్తిరించింది. నొప్పి పుట్టింది, అబద్ధమెందుకు. ఎన్ని వానలకూ అంత నొప్పి పుట్టలేదు. కానీ కారు నా కిందనుంచి బయటపడింది.

"ఎడం తలుపులోంచి ఎక్కండి," అంది ఆవిడ లేస్తూ. "వచ్చేటప్పుడు అద్దాలు వేసుకోండి. పిల్ల ఎండకి కందిపోద్ది."

నా ముక్కనూ గూటినీ పిడికి అతికించుకునే కారు ఏలూరు వెళ్లొచ్చింది.

ఇప్పుడు నన్నెవరూ కారుకు కప్పరు. కప్పే అవసరమూ లేదు. టీకాలకని, పాలడబ్బాకని, ఊరికే కాలువ గట్టు దాకా అని ఆ కారు రోజూ తిరుగుతూనే ఉంది. రోజూ కదిలే కారు జోలికి కందిరీగలు రావడం మానేశాయి. ఇంత తేలిక ఉపాయం ఉండగా నాకు కిరసనాయిలు పట్టించారు, ఏం చెప్పను. నన్ను మడతలు పెట్టి అరుగు మీద పరిచారు. పాప నా మీద పొర్లుతుంది, నా చిల్లులో కాలు పెట్టి తీస్తుంది. కోటమ్మ పక్కనే కూర్చుని పొద్దస్తమానం దాని చెవిలో నాయనమ్మ అను, నాయనమ్మ అను అని రొద పెడుతుంది.

మొన్న ఎదురింటి భాగ్యవతి వచ్చింది. సంగతంతా ఆవిడకు తెలుసు. అయినా పాపను ఎగాదిగా చూసి, ఎవరి పోలికో అని అడిగింది.

"నా పోలికే," అంది కోటమ్మ. "ముక్కు చూడు."

భాగ్యవతి వంగి పాప ముక్కు చూసింది. తలెత్తి కోటమ్మ ముక్కు చూసింది. అవునంది.