ఏడవడం మానేసిన పిల్ల

సాయంత్రం కొంపల్లిలోని తమ విల్లాలో లలితకుమారి కూతురికి దిష్టి తీస్తోంది. గుప్పిట్లో కల్లుప్పు, ఎండుమిరపకాయలు. ఎదురుగా స్టాండుకు బిగించిన ఫోను. "కాస్త నవ్వు బంగారం, మొహం అలా పెడితే ఎవరు చూస్తారు?" అంటూ చెయ్యి తిప్పుతోంది. పొడుగు చేతుల గౌను వేసుకున్న నవ్యశ్రీ, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని నవ్వింది.

పక్కింటి ముసలావిడ "పిల్ల ముద్దొస్తోంది" అన్న పాపానికి జరుగుతున్న తతంగం ఇది. ఊరూ పేరూ తెలియని లక్షలమందికి రోజూ వీడియోల్లో పిల్లను చూపించే తల్లికి, ఆ ఒక్క ముసలావిడ చూపులోనే ప్రమాదం కనబడింది. ఆ దిష్టి తీయడాన్ని కూడా మళ్లీ లోకానికి చూపిస్తోంది. ఈ తెలివికి ఏం పేరు పెట్టాలి?

నవ్యశ్రీకి తొమ్మిదేళ్లు. మొన్న వేసవిలో ఏదో పీడకలకు జడిసి పక్క తడిపింది. తెల్లారి మంచం పక్కన నిలబడి వెక్కివెక్కి ఏడుస్తుంటే తల్లి దగ్గరకు తీసుకోలేదు, ఫోను తీసింది. "మా చిట్టితల్లి ఘనకార్యం చూడండి" అని వీడియో పెట్టింది. జనం పగలబడి నవ్వారు. తండ్రి జయకృష్ణ ఆఫీసులో నలుగురికీ చూపించి మురిసిపోయాడు.

బడి తెరిచాక, బస్సులో ఆ పిల్ల కూర్చోబోయే సీటు మీద తోటిపిల్లలు నీళ్లు చల్లడం మొదలుపెట్టారు. ఆ బాధ చెప్పుకుందామని పరుగున ఇంటికొస్తే, "ఆగాగు, ఫోను పెట్టనీ, మళ్లీ మొదట్నుంచీ చెప్పు" అంది తల్లి. పిల్ల "ఏం లేదు" అని లోపలికి పోయింది. ఆనాటి నుంచి ఏడవడం మానేసింది. "మా అమ్మాయి ఎంత ఎదిగిపోయిందో!" అని లలితకుమారి దానికీ ఒక వీడియో చేసింది.

దిష్టి తీసిన మర్నాడు బడి నుంచి టీచరు ఫోను చేసింది. పిల్ల మణికట్టు వాచి ఉంది, వెంటనే రమ్మంది. మొగుడూ పెళ్లాం పిల్లను తీసుకుని సుచిత్ర చౌరస్తా దగ్గరి ఆసుపత్రికి పరిగెత్తారు. అక్కడి డాక్టరు సరళది మేడ్చల్. ఎక్స్‌రే చూసి కళ్లెర్రజేసింది.

"మొన్న సైకిల్ మీదికెల్లి పడ్డదంట. బొక్క ఇరిగింది. గింత వాపుంటే నీకు కానరాలేదా అమ్మా?"

"రోజంతా దాని వెంటే ఉంటానండీ! నిన్న వీడియోలో కూడా నవ్వుతూనే..." లలితకుమారి నాలుక కరుచుకుంది.

సరళ పిల్ల వైపు వంగింది. "గింత నొప్పి పెట్టుకొని అమ్మకెందుకు జెప్పలే బిడ్డా?"

నవ్యశ్రీ తల్లి చేతిసంచీ వైపు చూసింది. "చెబితే ఏడుపొస్తుంది. ఏడిస్తే అమ్మ ఫోను తీస్తుంది."

"చిన్నపిల్ల, ఏదో అంటుంది లెండి" అని సర్దబోయాడు జయకృష్ణ.

"మీరు ఆగుండ్రి సారూ!" సరళ గొంతు లేచింది. "బొక్కదేముంది, అతుకుతది. నొప్పైతే జెప్పుకునేతందుకు పిల్లకు తల్లిని లేకుండ జేసిన్రు. గదెట్ల అతకాలె?"

ఇంటికొచ్చే దారి పొడుగునా కార్లో లలితకుమారి ఆ డాక్టర్ని తిడుతూనే ఉంది. "మనకి నీతులు చెబుతుందా!" అంటూ రుసరుసలాడింది. పిల్ల వెనక సీట్లో కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కట్టు వేసేటప్పుడూ ఆ కళ్లలోంచి చుక్క నీరు రాలేదు. అద్దంలో ఆ మొహం చూసేసరికి తల్లి నోరు మూతపడింది.

ఇంటికొచ్చి వీడియోలన్నీ చెరిపేసింది. స్టాండు తీసి అటక మీద పడేసింది. ఫోను బీరువాలో పెట్టి, గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ తీసుకుని పిల్లను కూర్చోబెట్టింది.

చెయ్యి తిప్పుతుంటే నవ్యశ్రీ టీవీ వెనక చూసింది, పరదాల మధ్య చూసింది, అలమారలోకి చూసింది. ఎక్కడా ఫోను కనబడలేదు. బెదురుగా తల్లి మొహంలోకి చూసి అడిగింది:

"అమ్మా, ఎటు చూసి నవ్వాలి?"

గుప్పిట వదులై ఉప్పు నేల మీద రాలింది. పిల్లకు తగిలింది తన దిష్టేనని ఆ తల్లికి అప్పుడు అర్థమైంది. ఆమె భోరుమంది. పిల్ల మాత్రం ఏడవలేదు.

ఏడుస్తున్న బిడ్డ ముందు ఫోను ఎత్తే తల్లిదండ్రులారా, ఆ బిడ్డ ఇక మీ దగ్గర ఏడవదు.