లోపల రెండు చుక్కలు

నేను ఒక ఉంగరాన్ని. బొటనవేలికి పెట్టుకునే రకం. విల్లు లాగేటప్పుడు వింటినారి వేలిని కోయకుండా కాపాడటం నా పని. ముక్దెన్ పట్నంలో ఒక ముసలాయన నన్ను దుప్పి కొమ్ముతో చేసి, లోపలివైపు ఏదో ఒక మాట చెక్కాడు. అదేమిటో అప్పట్లో నాకు తెలియదు. తన కడుపులో ఏముందో ఎవరు చూసుకోగలరు?

అక్కడినుంచి పెకింగ్‌లో చైనాని ఏలిన మంచూ రాజవంశీకుల ఇంట్లో పడ్డాను. రాజవంశం అనగానే అబ్బో అనుకోకండి. వాళ్ళకి తరానికొక మెట్టు చొప్పున హోదా తగ్గుతుంది. నేను నాలుగో తరం సైచుంగ దొరవారి వేలికి చేరేసరికి ఇంట్లో మిగిలినవి ఒక చిన్న బిరుదూ, పంజరంలో ఒక పిట్టా. ఆయన ఏనాడూ విల్లు పట్టలేదు. కూతురు ఇల్హా మాత్రం నన్ను పెట్టుకుని పెరట్లో బాణాలు వేసేది. "అమా, చూడు!" అని అరిచేది. మంచూ భాషలో అమా అంటే నాన్న. తికమకగా ఉందా? నాకైతే ఆ ఇంట్లో అంతా తికమకే.

దొరవారు మంచం పట్టారు. కొడుకుల్లేరు కాబట్టి తమ్ముడి కొడుకు ఫుషెన్‌ని దత్తత తీసుకున్నారు. బిరుదు అతనిదే.

"ఉంగరం కూడా నాదేగా పెదనాన్నా?" అన్నాడతను. దత్తుడై ఏడాదైనా పిలుపు మారలేదు.

ఇల్హా నావల్ల కాయ కాచిన బొటనవేలిని రుద్దుకుంటూ నిలబడింది. ఆ ఇంటి కట్టుబాటు ప్రకారం తండ్రి వస్తువు కొడుకుకి, తల్లి వస్తువు కూతురికి. ఆమె నన్ను తప్ప ఇంకేమీ కోరుకోలేదని నాకు తెలుసు.

మర్నాడు అందరూ భోజనానికి వెళ్ళాక దొరవారు తలగడ కిందనుంచి సూది తీసి నన్ను లోపల రెండుసార్లు గట్టిగా గుచ్చారు. ఆ పైన టీ నీళ్ళు పూసి తుడిచారు. నేనేం తప్పు చేశాను? జ్వరం తలకెక్కిందనుకున్నాను.

సాయంత్రం బంధువులొచ్చారు. "ఇది ఎవరికి చెందాలో లోపలి రాతే చెబుతుంది, చదవండి," అన్నారాయన. ఒక్కొక్కరూ తల పంకించి నన్ను పక్కవాళ్ళకిచ్చారు. అందరూ మంచూలే, మంచూ చదవడం ఒక్కరికీ రాదు. ఫుషెన్ నన్ను తలకిందులుగా పట్టుకుని "చాలా బాగా రాశారు" అన్నాడు. చివరికి పాత బడిపంతులు గోలింగగారిని పిలిపించారు.

"చుక్కలు లేకపోతే అమా, అంటే నాన్న. ఉంటే ఎమె, అంటే అమ్మ," అంటూ ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "రెండు చుక్కలున్నాయి. ఇది అమ్మ ఉంగరం."

"ఆడవాళ్ళకి విల్లు ఉంగరమేమిటండీ?" అన్నాడు ఫుషెన్.

"నాకేం తెలుసు నాయనా? ఉన్నది చదివాను."

"అయ్యో, మా తాతలంతా పొరపాటున పెట్టుకున్నారన్నమాట," అని దొరవారు అమాయకంగా నిట్టూర్చి, నన్ను ఇల్హా వేలికి తొడిగారు.

అందరూ వెళ్ళాక ఇల్హా నన్ను తీసి వాసన చూసింది. టీ వాసన.

"అమా, నీకు మంచూ చదవడం రాదుగా?"

"రాదమ్మా. మా అమ్మ ఈ రెండు మాటలే రాయడం నేర్పింది."

ఇల్హా ఆయన చేతిని కళ్ళకద్దుకుని చాలాసేపు ఏడ్చింది.

ఇప్పుడు నేనొక మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. తల్లి ఉంగరం, చాలా అరుదు, అని చీటీ అంటించారు. పండితులు భూతద్దాలు పెట్టి చూసి జుట్టు పీక్కుంటున్నారు. వాళ్ళని చూస్తే జాలేస్తుంది, కానీ నా అయోమయం నాకుంది. నాన్న చేత్తో అమ్మనయ్యాను. నన్నేమని పిలవాలి?