సీసాలో సవతి

గిన్నెలో మెతుకులు మెదుపుతూనే బువ్వమ్మ సింకు వైపు ఓ కన్నేసింది. తెల్లటి అంచు మీద చీమల బారు మళ్లీ మొదలైంది. చెంబెడు నీళ్లు కుమ్మరించింది. చీమలు కొట్టుకుపోయాయి. తీపి వాసన మాత్రం పోలేదు.

ఆస్పత్రిలో తిండి తినని పసివాళ్ల వార్డుకు ఆమె ఇరవై రెండేళ్లుగా ఆయా. అసలు పేరు జీతం కాగితంలో తప్ప ఎక్కడా లేదు. మెడ వంకరపోయిన ఓ చిన్న చెంచా, ఎంత మొండి నోరైనా తెరిపించే ఓపిక, ఆమె గొప్పంతా అదే.

పది రోజుల కిందట మూడేళ్ల పాప చేరింది. చెంచా కనబడితే చాలు, పెదవులు బిగించేసేది. డాక్టరమ్మ ఆకలి పుట్టించే మందు రాసింది. రోజుకు రెండు మూతలు, బువ్వమ్మే పట్టాలి.

"బువ్వమ్మా, నీకు సీసాలో సవతి వచ్చిందే!" అని నర్సు నవ్వింది. "ఇక నీ చేత్తో పనేముంది?"

అందరితోపాటు తనూ నవ్వింది. ఆ మధ్యాహ్నమే మూతెడు మందు సింకులో పోసి, చార్టులో టిక్కు పెట్టింది. రెండు రోజుల్లో నా చేత్తోనే తినిపించి చూపిస్తాను, అనుకుంది. రెండు కాస్తా పదయ్యాయి.

ఇవాళ తూకం వేశారు. పాప పావుకిలో తగ్గింది.

"మందు పని చెయ్యట్లేదు," అంది డాక్టరమ్మ. "రేపు ముక్కులోంచి గొట్టం వేద్దాం."

పాప తల్లి బువ్వమ్మ చెయ్యి పట్టుకుంది. "మీరు మాత్రం ఏం చేస్తారు పెద్దమ్మా! కన్నదాన్ని, నాకే లేదు మీకున్నంత ఓపిక."

ఆ చెయ్యి వెనక్కి లాక్కోవడం బువ్వమ్మకు చేతకాలేదు. తల దించుకుంది.

"మందు పట్టలేదమ్మా. ఒక్క మూత కూడా. పారబోశాను."

తల్లి చేతులు మెల్లగా వదిలేశాయి. డాక్టరమ్మ చార్టు అందుకుని టిక్కులు ఒక్కొక్కటే చూసింది.

"మందు ఆకలి పుట్టిస్తుంది, అంతే. తినడం నేర్పాల్సింది నువ్వేనని మొదటిరోజే చెప్పాను కదా," అంది నెమ్మదిగా. కేకలేసినా బాగుండుననిపించింది బువ్వమ్మకు. సవతి అన్న మాట చెవిలో పడ్డాక ఆ రెండో మాట తను విననేలేదు.

గొట్టం వాయిదా పడింది. మందు నర్సు పట్టింది. పాప గుటుక్కున మింగి, మూత అంచు నాకింది.

రేపట్నుంచి రావద్దని ఎవరూ అనలేదు. సాయంత్రం బువ్వమ్మే వార్డులోని తన బీరువా తాళంచెవి నర్సు బల్ల మీద పెట్టి, పాప మంచం వైపు చూడకుండా వెళ్లిపోయింది.

సింకు అంచున వంకర చెంచా ఆరుతోంది. ఎక్కడినుంచో వచ్చిన ఒక చీమ దాని చుట్టూ తిరిగి, తీపి దొరక్క, వచ్చిన దారినే మళ్లింది.