నాలుగో ప్రశ్న

ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఆపగానే మళ్లీ స్విచ్ వేయకూడదు, ముప్పై దాకా లెక్కపెట్టండమ్మా అని రోజుకు నలభై మందికి ఫోన్లో చెప్పే నోరు ఇది, ఇంటర్నెట్ కంపెనీలో ఫిర్యాదులు వినడమే తొమ్మిదేళ్లుగా నా ఉద్యోగం, ముప్పై, వేశాను, మోడెం మీద మూడు దీపాలు పచ్చగా వచ్చాయి, నాలుగోది మళ్లీ ఎర్రగానే, కంప్యూటర్ తెర మీద ఇంటర్నెట్ లేదన్న అదే ముక్క, గోడ గడియారంలో పదీ ముప్పై ఐదు, పదకొండింటికి మా ఆవిడకు ఇంటర్వ్యూ, నాలుగేళ్ల తర్వాత వచ్చిన మొదటి పిలుపు, రాతపరీక్ష కూడా ఉంది కాబట్టి ఫోన్లో కుదరదట, ఫోన్ నెట్ కంప్యూటర్‌కి ఇద్దామన్నా మా ఇంట్లో సిగ్నల్ మాటలకే సరిపోతుంది, ఆలస్యమైతే ఇంకో అవకాశం ఇవ్వరట, తను ఇస్త్రీ బట్టల్లో గుమ్మం దగ్గర నిలబడి, ఏవండీ, ఒక్క మాట చెప్పనా, ఉండు, చూస్తున్నానుగా.

వీధి చివర రిపేరు షాపాయన్ని పిలవనా అని ఇందాక అడిగితే నవ్వాను, ఇంట్లో నేనుండగా ఆయనెందుకన్నాను, ఇప్పుడు చొక్కా వీపుకి అంటుకుపోయింది, తీగలన్నీ నొక్కి చూశాను, అన్నీ గట్టిగానే ఉన్నాయి, కంప్యూటర్ ఆపి వేయడం ఇది నాలుగోసారి, ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, నేను రచ్చలో గెలిచిన కప్పు అల్మారాలోంచి నన్నే చూస్తోంది, ఏ ఫోనూ నాలుగు నిమిషాలు దాటనివ్వనని ఇచ్చిన కప్పు, అందులో కిటుకేమీ లేదు, మాకిచ్చిన కాగితంలో పది ప్రశ్నలుంటాయి, నాలుగోది నేను అడగను, ఈ మధ్య ఇంట్లో ఎవరైనా ఏదైనా కదిపారా అని అడిగితే చాలు, పిల్లి తీగ లాగిందనీ, మావగారు కుర్చీ జరిపారనీ రామాయణం మొదలుపెడతారు, ఏవండీ, అది కాదు, నిన్న నేను, అబ్బా, ఒక్క నిమిషం ఉండవే, తప్పు బయట లైన్లో ఉంది, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, మా కంపెనీకే ఫోన్ చేశాను.

ఎత్తినమ్మాయి నిరుడు నేను పని నేర్పించిన అమ్మాయే, గొంతు గుర్తుపట్టాను, తను నన్ను గుర్తుపట్టలేదు, నేను నేర్పినట్టే మొదటి మూడూ గబగబా అడిగింది, ఆ తర్వాత నేను వదిలేయమన్న నాలుగోది కూడా అడిగింది, ఎవరైనా ఏదైనా కదిపారా సార్, లేదమ్మా, ఎవరూ కదపలేదు, ఇంట్లోవాళ్లని ఒకసారి అడిగి చెప్తారా సార్, నేను లైన్లోనే ఉంటాను, పదీ నలభై ఆరు, ఒళ్లు మండింది, అడిగితే పోలా అని వెనక్కి తిరిగి, ఏమే, నువ్వేమైనా కదిపావా?

అరగంట నుంచీ అదే చెబుదామని చూస్తున్నానండీ, నిన్న టేబుల్ ఈ గోడకు జరిపాను, ఇంటర్వ్యూలో నా వెనక శుభ్రంగా కనబడాలని, తీగలు పీకి మళ్లీ పెట్టాను, గోడలోంచి వచ్చేది నీలం రంధ్రంలో ఉండేదేమో, పసుపు దాంట్లో పెట్టినట్టున్నాను, అంటూనే నన్ను పక్కకు జరిపి వంగింది, తీసింది, పెట్టింది, నాలుగో దీపం పచ్చగా వెలిగింది, టేబుల్ జరిగిందా, నిజమే, కిటికీ పక్కనుండేది, రాత్రి దీని మీదే కంచం పెట్టుకుని భోంచేశాను, నాకు కనబడలేదు, వచ్చిందమ్మా అని ఫోన్లో గొణిగాను, సంతోషం సార్ అంది ఆ పిల్ల, మా ఆవిడ అప్పటికే కుర్చీలో కూర్చుని జుట్టు సర్దుకుంటోంది, కాస్త తలుపు దగ్గరికి వేయండి అంది.

తలుపు బయట నిలబడ్డాను, లోపల గొంతు మొదట కొంచెం వణికింది, తర్వాత ఆగలేదు, పాత ఉద్యోగం గురించి చెబుతోంది, నాకు తెలియని లెక్కలేవో, నాకు తెలియని పేర్లేవో, ఎవరో అవతల నుంచి చెప్పండి చెప్పండి అంటున్నారు, నాలుగేళ్లుగా మా అక్కతో, ఆఫీసులో, అడిగినవాళ్లందరితో నేను చెప్పిన మాట ఒకటే, మా ఆవిడకు మళ్లీ ఉద్యోగం చేయాలని లేదండీ, ఒక్కసారైనా ఆ ఊసెత్తలేదు అని, నమ్మే చెప్పాను, కానీ ఎన్ని సాయంత్రాలు నేను బూట్లు విప్పుకుంటుంటే తను ఇదే గుమ్మంలో నిలబడి ఒక్క మాట చెప్పనా అంది, ఆ ఊసు ఎత్తింది, ఎత్తుతూనే ఉంది, ఉండు అన్నది నేను.